లెవెల్ 7, మెట్లు 40: బడి లైబ్రేరియన్ కొలువు లెక్క

ఏడో వేతన సంఘం పట్టికలో లెవెల్ 7 అని ఒక నిలువు వరుస ఉంటుంది. అడుగు గడిలో 44,900 రూపాయలు, చిట్టచివరి గడిలో 1,42,400. ఏటా సుమారు 3 శాతం చొప్పున పెరుగుతూ మొత్తం 40 గడులు. కేంద్రీయ విద్యాలయం (కేవీ)లో కొత్తగా చేరే లైబ్రేరియన్ జీతం ఈ వరుస అడుగు నుంచే మొదలవుతుంది. ఏడాదికి ఒక ఇంక్రిమెంటు, ఇంక్రిమెంటుకు ఒక గడి.

40వ గడికి చేరాలంటే 39 ఇంక్రిమెంట్లు కావాలి. రిటైర్మెంటు 60 ఏళ్ళకు. వెనక్కి లెక్కపెట్టుకుంటే 21వ ఏటనే కొలువులో చేరి ఉండాలి. ఇంటర్ అయ్యేసరికి 18, మూడేళ్ళ డిగ్రీ అయ్యేసరికి 21, ఏడాది బీలిబ్ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) ముగిసేసరికి 22. ఒక్క ఏడాది తేడాలో ఆ చివరి గడి తప్పిపోతుంది. పట్టా చేతికొచ్చిన వెంటనే ఉద్యోగం దొరికినా, మధ్యలో పై స్కేలు ఏదీ రాకపోతే, 60 ఏళ్ళకు అందేది 39వ గడి: మూల వేతనం 1,38,300. ఈ కొలువులో ఎంత కాలం ఉంటారన్నది ఎంత చదివారన్నదాని కంటే ఏ వయసులో చేరారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మిగతా లెక్కలన్నీ ఇక్కణ్ణుంచే మొదలవుతాయి.

ఈ లెక్క భిలాయ్‌లో కూర్చుని వేసుకుందాం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ టౌన్‌షిప్ సెక్టార్లలో మూడు తరాలుగా ఉన్నాయి. సెక్టార్ 5 బాలాజీ గుడి వాళ్ళు నిలబెట్టుకున్నదే. తాత ఫర్నేసు దగ్గర పనిచేశాడు, నాన్న ప్లాంటులోనే ఏదో విభాగంలో చేశాడు. మనవరాలి నాటికి ప్లాంటులో కొలువులు బాగా తగ్గిపోయాయి. ప్లాంటు సొంతంగా నడిపిన బళ్ళు కూడా కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ‘బళ్ళో లైబ్రేరియన్ అయితే ఎలా ఉంటుంది?’ అని ఆ మనవరాలు అడిగిందనుకోండి, ఆమెకు చెప్పాల్సిన అంకెలివి.

ముందు చదువు. కేవీలో అడిగేది బీలిబ్, లేదంటే డిగ్రీ పైన ఏడాది లైబ్రరీ సైన్స్ డిప్లొమా. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా ఇబ్బంది లేదు. దీంతోపాటు హిందీ, ఇంగ్లీషుల్లో పని నడిపించుకోగలగాలి. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చే అభ్యర్థికి ఈ హిందీ షరతు దగ్గరే కాలు తడబడుతుంది. భిలాయ్ పిల్ల ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతుంది కనుక ఆ గండం లేదు. ఇంటర్ మీద చేసే సర్టిఫికెట్ కోర్సులు మాత్రం ఇక్కడ పనికిరావు. ఇంటి దగ్గరుండి బీలిబ్ చదవాలంటే రాయ్‌పూర్‌లో పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది, బిలాస్‌పూర్‌లో గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దూరవిద్యలో ఇగ్నో ఉండనే ఉంది.

ఈ చదువుకు మన వైపు పాత చరిత్రే ఉంది. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య తదితరులు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లోనే లైబ్రరీ సైన్స్ బోధన మొదలుపెట్టింది. భిలాయ్ ప్లాంటు పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళున్నాయి అప్పటికి.

పట్టా దొరకడం తేలిక, నోటిఫికేషన్ దొరకడం కష్టం. కేవీ సంఘటన్ 2018లో 8,339 పోస్టులు ప్రకటిస్తే లైబ్రేరియన్లకు దక్కినవి 50. 2022లో మొత్తం 13,404 ప్రకటిస్తే 355. ఆ తర్వాత 2025లో 147. మూడు దఫాలూ కలిపితే దేశం మొత్తానికి 552. 2018 నుంచి 2025 వరకు ఎనిమిదేళ్ళకు పంచి చూస్తే ఏడాదికి 69. అదీ ఏటేటా రాదు, నాలుగేళ్ళకో మూడేళ్ళకో ఒక్కసారి వచ్చిపడుతుంది. వయోపరిమితి 35 కాబట్టి, 22 ఏళ్ళకు పట్టా పుచ్చుకున్నవాళ్ళ చేతిలో ఉన్నవి 13 ఏళ్ళు. ఇదే తీరు సాగితే అందులో మూడు నోటిఫికేషన్లు వస్తాయి, అదృష్టం బాగుంటే నాలుగు. కోచింగు సెంటర్ల ప్రకటనల్లో ఈ సంఖ్య కనిపించదు. ‘ప్రతి ఏటా వేల ఉద్యోగాలు’ అనే మాట టీచర్ల విషయంలో కొంత నిజమేమో, లైబ్రేరియన్ల విషయంలో మాత్రం కాదు.

ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళు, ఓబీసీలకు 3 ఏళ్ళు సడలింపు ఉంది. మహిళలకు కేవీ నిబంధనల్లో 10 ఏళ్ళు ఉంది. పెళ్ళయి, పిల్లలు బడికి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ పుస్తకం పట్టే ఆడవాళ్ళు భిలాయ్ క్వార్టర్లలో తక్కువేం కాదు. ఆ పదేళ్ళ విలువ వాళ్ళకే తెలుస్తుంది. అయితే వేతన పట్టిక సడలింపు చూపించదు. పైన చెప్పినట్టు అదే లెవెల్‌లో సాగితే, 22లో చేరినవాళ్ళ ఆఖరి మూల వేతనం 1,38,300. 28లో చేరితే 1,15,800. 35లో చేరితే 94,100. 45లో చేరితే 70,000. 22కూ 35కూ మధ్య తేడా 44,200, అంటే దాదాపు మొదటి నెల మూల వేతనమంత. ఎనిమిదో వేతన సంఘాన్ని ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది కనుక అంకెలు మారతాయి, ఆలస్యానికి కట్టే మూల్యం మాత్రం ఎటూ పోదు.

మరి తెలుగు రాష్ట్రాల సంగతేమిటి? తెలంగాణ గురుకులాల నియామక బోర్డు 2023లో పాఠశాల లైబ్రేరియన్ పోస్టులు 434 ప్రకటించింది. ఆ మూడు దఫాల్లో కేవీలు దేశవ్యాప్తంగా ప్రకటించిన ఏ సంఖ్య కంటేనైనా ఇది ఎక్కువే. భిలాయ్ అమ్మాయి ఇది చూసి హైదరాబాద్ రైలెక్కే ముందు ఇంకో అంకె కూడా చూడాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ 95 శాతం స్థానికులకే. స్థానికత తేలేది చిన్న తరగతులు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. ఇంటిపేరు బట్టి కాదు, మాతృభాష బట్టి అంతకన్నా కాదు. భిలాయ్‌లో చదివిన తెలుగమ్మాయి అక్కడ స్థానికేతరురాలు. ఆమెకు మిగిలే 5 శాతం 434లో దాదాపు 22 పోస్టులు, వాటికీ స్థానికులు పోటీ పడొచ్చు. ప్రవాసాంధ్రుల సభల్లో వేదికెక్కి మాట్లాడేవాళ్ళు ఈ విషయం ఎత్తగా నేను వినలేదు.

ఉద్యోగం వచ్చిందనుకుందాం, పోస్టింగు కూడా దుర్గ్–భిలాయ్‌లోనే పడిందనుకుందాం. 2025 జులై నాటి కరువు భత్యం 58 శాతం. 44,900 మూల వేతనానికి అది కలిపితే 70,942. దుర్గ్–భిలాయ్ నగర్ ఇంటద్దె లెక్కలో వై తరగతి నగరం, కాబట్టి 20 శాతం చొప్పున 8,980. రవాణా భత్యం 1,800, దాని మీద కరువు భత్యంతో 2,844. అన్నీ కలిపి 82,766. ఇందులోంచి పింఛను పథకానికి పది శాతం, అంటే 7,094 పోతుంది, సర్కారు తన వాటాగా 14 శాతం వేస్తుంది. క్వార్టరు ఇస్తే ఇంటద్దె భత్యం రాదు. ప్రైవేటు బళ్ళలో జీతం యాజమాన్యాన్ని బట్టి ఉంటుంది. చేరేముందే పోస్టు పేరు, స్కేలు కాగితం మీద రాయించుకోవడం మంచిది. లైబ్రేరియన్ అని తీసుకుని పొద్దంతా సెలవు పెట్టిన టీచర్ల క్లాసులకు పంపే బళ్ళు ఉన్నాయి.

ఇక బడి లోపలికి వెళ్దాం. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 85 కొత్త కేవీలకు ఆమోదం తెలిపింది. అప్పటికి నడుస్తున్నవి 1,256, వాటిలో మూడు విదేశాల్లో: కాఠ్‌మాండూ, టెహ్రాన్, మాస్కో. రష్యన్ ఇంజనీర్లు వచ్చి కట్టిన ఊరి అమ్మాయికి మాస్కోలో పోస్టింగు పడే వీలుందన్నమాట! ఆ ఆమోదంలోనే ఒక కేవీ కొలత కూడా ఉంది: తరగతికి రెండు సెక్షన్లు, 960 మంది పిల్లలు, 63 మంది సిబ్బంది. ఆ 63లో గణితానికి, సైన్సుకు, హిందీకి ఇద్దరు ముగ్గురు చొప్పున ఉంటారు. లైబ్రేరియన్ ఒక్కరే.

ఈ ఒక్కరే అన్న మాటను అంత తేలిగ్గా తీసుకోకూడదు. పక్కన అదే పని తెలిసినవాళ్ళు లేరు. సెలవు పెడితే గదికి తాళం. పైన ‘హెడ్ లైబ్రేరియన్’ అనే కుర్చీ బళ్ళో ఉండదు కనుక ఎక్కడానికి మెట్టూ ఉండదు. టీచరు పీజీటీ (పై తరగతుల టీచరు) అవుతాడు, వైస్ ప్రిన్సిపాల్ అవుతాడు, ప్రిన్సిపాల్ అవుతాడు. లైబ్రేరియన్ ఒక బడి నుంచి ఇంకో బడికి బదిలీ అవుతాడు. ముప్పై ఏళ్ళు ఉండబోయేవాళ్ళు మొదటి రోజే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. దీన్ని దాచి ‘గౌరవప్రదమైన కొలువు’ అని ఊరించడం నాకు నచ్చదు.

అయినా బయటికి ఒక దారి ఉంది. ఎమ్‌లిబ్ 55 శాతంతో పూర్తి చేసి, లైబ్రరీ సైన్స్‌లో నెట్ రాసి నెగ్గితే కాలేజీ, యూనివర్సిటీ కొలువులకు అర్హత వస్తుంది. యూజీసీ పట్టికలో అక్కడ మొదటి మెట్టే 57,700. బడిలో అంత మూల వేతనం దాటడానికి 9 ఇంక్రిమెంట్లు, అంటే తొమ్మిదేళ్ళు పడుతుంది. కొలువు చేసుకుంటూ దూరవిద్యలో ఎమ్‌లిబ్ ముగించుకోవాలన్న తొందర అందుకే. అయితే అది బడి లైబ్రేరియన్ కథ కాదు, వేరే కథ.

బడిలోనే ఉండిపోవాలనుకునేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. సెక్షన్‌కు 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు. అంటే పిల్లకు ఒక్క నిమిషం. ఆ నిమిషంలో పాత పుస్తకం తిరిగి తీసుకోవాలి, చినిగిందేమో తిప్పి చూడాలి, కొత్తది ఎంచుకోనివ్వాలి, నమోదు చెయ్యాలి. కేవీల్లో వాడుకలో ఉన్న ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేరు, బార్‌కోడ్ రీడరు ఉంటే నమోదుకు పట్టేది సెకన్లే. లేకపోతే లెడ్జరులో వేలు పెట్టి వెతకాలి. ఈలోగా మిగిలిన 39 మంది ఊరికే కూర్చోరు కదా.

నెమ్మది మనుషులకు ఇది తగిన కొలువు అనే అభిప్రాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. నేను చూసిన మంచి బడి లైబ్రరీలన్నీ చేపల బజారులా గోలగోలగా ఉన్నాయి.

చాలామంది పట్టించుకోని ఒక నిబంధన దగ్గర కాసేపు ఆగాలి. సీబీఎస్ఈ బళ్ళకు లైబ్రరీ గది 14 మీటర్లకు 8 మీటర్లు ఉండాలనీ, పాఠ్యపుస్తకాలు కాకుండా పిల్లకు 5 పుస్తకాలు ఉండాలనీ ఒక కొలత ఉంది. 960 మందికి 4,800 పుస్తకాలు. వీటన్నిటికీ యాక్సెషన్ రిజిస్టర్‌లో వరస సంఖ్యలు. ఏటా స్టాక్ వెరిఫికేషన్. 20,000 సంపుటాలు దాటని లైబ్రరీలో ప్రతి పుస్తకాన్నీ ఏటా సరిచూడాలని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, అంటే 2017 నాటి జీఎఫ్ఆర్‌లోని 215వ నియమం చెబుతుంది. బడి లైబ్రేరియన్‌కు ఏడాదిలో చెమట పట్టించే రోజులంటే ఇవే. పుస్తకం తగ్గితే జీతంలో కోస్తారేమోనని భయం. ఆ భయంతోనే దేశంలో ఎన్నో బళ్ళలో పుస్తకాలు గాజు బీరువాల్లో తాళం వెనక ఉండిపోయాయి. పిల్లలు అద్దం లోంచి అట్టలు చూసి వెళ్ళిపోతారు.

అదే 215వ నియమం ఇంకో మాట కూడా చెబుతుంది. ఏడాదిలో ఇష్యూ అయిన, లేదా అక్కడే తీసి చదివిన ప్రతి 1,000 సంపుటాలకు 5 చొప్పున పోవడం సహజ నష్టంగా పరిగణించవచ్చు. నిర్లక్ష్యం, మోసం కారణం కాకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇక్కడ చూడాల్సింది ఆ వెయ్యి దేనికి అన్నది. బీరువాలో ఉన్న వెయ్యికి కాదు, చేతులు మారిన వెయ్యికి.

లెక్క వేద్దాం. 960 మంది వారానికి ఒక పుస్తకం చొప్పున, ఏడాదిలో 30 వారాలు తీసుకున్నారు. 28,800 ఇష్యూలు. వెయ్యికి 5 అంటే 144 పుస్తకాలు. 4,800లో అది సరిగ్గా 3 శాతం. సగం మందే తీసుకుంటే 72. తాళం తియ్యని లైబ్రేరియన్‌కు దక్కే సడలింపు సున్నా, ఆమె దగ్గర ఒక్క పుస్తకం పోయినా సంజాయిషీ ఇవ్వాలి. పుస్తకాలు తిరగనిచ్చేవాళ్ళకే నియమం ఊపిరి పోస్తోంది, దాచేవాళ్ళకు కాదు. 1931లో గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిదాని సారమూ ఇదే. ఆయన స్వతహాగా గణితం పంతులు. 1924లో 31 ఏళ్ళ వయసులో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వెళ్ళి, మొదట్లో ఆ ఒంటరి పని భరించలేక పాఠాలకు తిరిగొచ్చేస్తానన్నారని చెబుతారు. చివరికి అక్కడే 20 ఏళ్ళు ఉన్నారు.

ఈ సడలింపు అడగాలంటే రుజువు కావాలి. రోజుకు ఎన్ని ఇష్యూ అయ్యాయి, టేబుల్ మీదే ఎన్ని చదివారు, సాయంత్రం గది మూసే ముందు లెక్కపెట్టి రాసిపెట్టుకోవాలి. అక్కడే చదివినవాటిని చాలామంది రాయరు, అంటే తమకు రావాల్సిన మినహాయింపును తామే వదిలేసుకుంటున్నారు. ఏడాది చివర ఆ జాబితా వెరిఫికేషన్ కమిటీ ముందు పెడితే రైటాఫ్ (పోయినవాటిని లెక్కలోంచి కొట్టేయడం) ఒక మామూలు కాగితం పని. పెట్టలేకపోతే వందల పుస్తకాల లోటు బదిలీ రోజున మెడకు చుట్టుకుంటుంది. చార్జ్ అప్పగించాలి, వచ్చే మనిషి ప్రతి సంఖ్యా సరిచూసుకుంటేనే సంతకం పెడతారు. ముప్పై ఏళ్ళ కొలువులో ఐదారు బదిలీలైనా ఉంటాయనుకుంటే, ఐదారు సార్లు ఇదే పరీక్ష. ఏటికేడు రైటాఫ్ తేల్చుకుంటూ వచ్చినవాళ్ళు నిశ్చింతగా రైలెక్కుతారు.

రాష్ట్ర ప్రభుత్వ బళ్ళలో పరిస్థితి వేరు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో పత్రికలు, కథల పుస్తకాలతో సహా పుస్తకాలు ఉండాలని రాశారు. అదే షెడ్యూలులో 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటితే చిత్రలేఖనానికి, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని ఉంది. లైబ్రేరియన్ అన్న మాట లేదు. పుస్తకాలు ఉండాలి, చూసుకునే మనిషిని గురించి పలుకు లేదు! సమగ్ర శిక్ష కింద లైబ్రరీ పద్దుకు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇస్తారు. పుస్తకం సగటున 150 అనుకుంటే 33 నుంచి 133 పుస్తకాలు. అవి అందుకునేది లైబ్రరీ బాధ్యత అదనంగా తలకెత్తిన ఏ హిందీ మాస్టారో. రాష్ట్ర కొలువు దొరికితే మాత్రం ఒక లాభం ఉంది: ఛత్తీస్‌గఢ్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంటు 62కు, తెలంగాణలో 61కి. కేవీ కంటే ఏడాది రెండేళ్ళు ఎక్కువ.

28 ఏళ్ళకు చేరి 60 దాకా ఒకే కొలతలో పనిచేసిన లైబ్రేరియన్ పూర్తి లెక్క కూడా వేసి చూశాను. ఏడాదికి 28,800 చొప్పున 32 ఏళ్ళకు 9,21,600 ఇష్యూలు. చేరిన నాడు బళ్ళో ఉన్న 960 మంది, తర్వాత ఏటా ఒకటో తరగతిలో చేరే 80 మంది, వెరసి 3,520 మంది పిల్లలు. గణితం మాస్టారికి తన తరగతులే దక్కుతాయి. ఈ మనిషికి బడి మొత్తం దక్కుతుంది, అదీ ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా. మెట్లు లేని కొలువును కొందరు ఎందుకు వదలరో ఈ అంకె చూస్తే కొంత అర్థమవుతుంది. తెనాలి వెలగా వెంకటప్పయ్య (1932–2014) బడి లైబ్రేరియన్ కాదు గానీ, గ్రంథాలయ శాస్త్రాన్నీ బాలసాహిత్యాన్నీ కలిపి జీవితమంతా పనిచేశారు. పుస్తకాలు సర్దడమే కాదు, పిల్లలకు ఏం చదివించాలో తెలిసి ఉండటం కూడా ఈ వృత్తిలో భాగమని ఆయన రాసినవి చూస్తే తెలుస్తుంది.

భిలాయ్ అమ్మాయికి ఇంకో సంఖ్య ఇవ్వాలి: 894.827. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానిది ఈ స్థానం. హిందీ సాహిత్యానిది 891.43. భిలాయ్ బళ్ళలో రెండోదానికి అరలకు అరలు ఉంటాయి, మొదటిదానికి చోటు కనబడటం అరుదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని పిల్లలు ఇక్కడి క్లాసుల్లో ఉన్నారు. పుస్తకాల కొనుగోలు కమిటీ ముందు ప్రతిపాదన పెట్టేది లైబ్రేరియనే. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులోనూ వస్తాయి, ధరలు కూడా తక్కువే. 20,000 రూపాయల పద్దులో 2,000 ఇటు తిప్పితే, వాటి వీపుల మీద 894.827 అంటించడం ఒక సాయంత్రం పని. ఆ పుస్తకాలు ఇష్యూ అయినా అవే వెయ్యికి ఐదు లెక్కలోకి వస్తాయి.